ఆ రోజు మాట ఆ రోజే రాయండి, అతికించడం జనవరిలో చూసుకోవచ్చు

ప్రశ్న: డిసెంబరు 1 నుంచి 25 దాకా రోజుకో పేజీ చొప్పున మా ఇంటి క్రిస్మస్ జ్ఞాపకాలతో చేత్తో ఒక ఆల్బమ్ చేయాలని నా కోరిక. ఇప్పటికి రెండేళ్లు మొదలుపెట్టాను. మొదటిసారి 8వ తేదీ దగ్గర ఆగిపోయింది, రెండోసారి 11 దగ్గర. ఫోన్లో ఫొటోలు వేలల్లో ఉన్నాయి, పేజీలు మాత్రం ఖాళీ. నాకు బొమ్మలు వేయడం రాదు, చేతిరాత కూడా బాగుండదు. పాపకి 9 ఏళ్లు, బాబుకి 5. అమ్మ మా దగ్గరే ఉంటుంది. నాన్న ఈ మార్చిలో పోయారు. ప్రతి ఏడాదీ చెట్టు మీద నక్షత్రం పెట్టేది ఆయనే. ఈసారి ఆల్బమ్ చేయాలనీ ఉంది, చేయలేనేమో అనీ ఉంది. నాన్న గురించి అందులో పెట్టాలా, పెడితే అమ్మ తట్టుకుంటుందా? ఏం కొనాలి, ఎలా మొదలుపెట్టాలి, ఈసారైనా పూర్తవ్వాలంటే ఏం చేయాలి?

సమాధానం:

అమ్మా, ముందు ఒక పని చెయ్యండి. మధ్యలో ఆగిపోయిన ఆ రెండు ఆల్బమ్‌లు పారేయకుండా ఉంటే ఎక్కడున్నాయో వెతికి బయటికి తీసి పెట్టండి. వాటితో పనుంది, ఎందుకో చివర్లో చెప్తాను.

అవి ఎందుకు ఆగాయో మీరు రాయలేదు గానీ నేను ఊహించగలను, నా మొదటి మూడు ఆల్బమ్‌లూ అలాగే ఆగాయి కాబట్టి. రాత్రి పిల్లలు పడుకున్నాక కూర్చుంటాం. ఫోన్లో ఆ రోజు తీసిన నలభై ఫొటోల్లోంచి ఒకటి ఎంచుకోవాలి, దాన్ని ప్రింట్ తీయాలి, దానికి నప్పే కాగితం చూసుకోవాలి, కత్తిరించి అతికించాలి, ఆ పైన ఏదైనా అందంగా రాయాలి. ఒక్క పేజీకి గంటన్నర. మొదటి మూడు రోజులు ఉత్సాహం మీద నడిచిపోతుంది, నాలుగో రోజు ఎవరికో జ్వరం, ఐదో రోజు ఇంటికి చుట్టాలు, ఆరో రోజు కూర్చునేసరికి రెండు పేజీలు బాకీ, ఆ బాకీ చూస్తేనే టెన్షన్, ఎనిమిదో రోజుకి పుస్తకం బీరువాలోకి వెళ్లిపోతుంది. మీ ఓపికకేం తక్కువ లేదు, ఒక్క రాత్రి మీద అన్ని పనులు పెట్టారు, అంతే.

ఆ పనుల్లో నిజంగా ఆ రోజే చేసి తీరాల్సింది ఒక్కటే, రాయడం. ఫొటో ఫోన్లో ఉంటుంది, జనవరిలో ప్రింట్ తీసినా అదే ఫొటో. జిగురు ఎప్పుడైనా అంటుకుంటుంది. కానీ ఇవాళ సాయంత్రం మీ బాబు అన్న మాట ఎల్లుండికి మీకు గుర్తుండదు. ఏదో భలే అన్నాడే అని మాత్రం గుర్తుంటుంది, ఆ మాట పోతుంది. కాబట్టి ఈ ఏడాది ఇలా చేసి చూడండి: డిసెంబరులో రోజూ ఐదు నిమిషాలు రాయడం, ఆ రోజు చేతికి దొరికిన కాగితం ముక్క ఏదైనా ఉంటే దాచడం. అతికించే పని జనవరిలో రెండు ఆదివారాలు పెట్టుకోండి. డిసెంబరు 25కి ఆల్బమ్ తయారై బల్ల మీద ఉండాలన్న కోరిక ఉంటే దాన్ని వదిలేయండి, ఆ కోరికే రెండేళ్లూ మిమ్మల్ని ఆపింది.

దీనికి కావాల్సింది 25 కవర్లు. మామూలు ఉత్తరాల కవర్లే. నవంబరు చివరి వారంలో ఒక సాయంత్రం వాటి మీద 1 నుంచి 25 దాకా అంకెలు వేసి వరసగా ఒక షూ డబ్బాలో నిలబెట్టండి. ఒక్కో కవర్లో ఒక ఖాళీ కార్డు ముక్క, అరచేతంత. డబ్బాలోనే ఒక పెన్ను. ఈ డబ్బా రోజూ అందరూ కూర్చునే చోట కళ్లెదురుగా ఉండాలి, అలమారలో పెట్టారంటే మళ్లీ పాత కథే. రాత్రి పడుకోబోయే ముందు ఆ రోజు కవర్లోంచి కార్డు తీసి నాలుగు లైన్లు రాసి మళ్లీ అందులో పెట్టేయండి. ఆ రోజు వచ్చిన క్రిస్మస్ కార్డు, ప్రోగ్రాం కాగితం, బస్సు టికెట్టు, బహుమతి చుట్టిన రంగు కాగితం ముక్క, పిల్లలు గీసిన పిచ్చి గీత, అన్నీ ఆ కవర్లోకే. రోజూ చేయాల్సిన పని ఇంతకు మించి లేదు. ఒక రోజు రాయలేకపోతే కవరు ఖాళీగా ఉంచి మర్నాటి కవరు తీయండి. వెనక్కి వెళ్లి పూరించాలని కూర్చోకండి. నా దగ్గర ఒక ఏడాది ఆల్బమ్‌లో 13, 14 తేదీల పేజీలకి తేదీ తప్ప ఏమీ లేదు, ఆ రెండు రోజులూ పెద్దబ్బాయిని పట్టుకుని ఆసుపత్రిలో కూర్చున్నాం. ఇప్పుడు ఆ ఖాళీ పేజీలు తిప్పుతుంటే ఆ రెండు రాత్రులూ నాకు ఉన్నదున్నట్టు గుర్తొస్తాయి.

ఏం రాయాలి అన్నది అన్నిటికంటే ముఖ్యం కాబట్టి దాని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను. "ఇవాళ చెట్టు అలంకరించాం, అందరం చాలా సంతోషంగా గడిపాం" అని రాస్తే అది ఏ ఇంటికైనా సరిపోతుంది, ఏ ఏడాదికైనా సరిపోతుంది. పదేళ్ల తర్వాత చదివితే అందులో మీ ఇల్లు కనపడదు. దాని బదులు ఎవరు ఏం అన్నారో వాళ్ల మాటల్లోనే రాయండి. నక్షత్రంలో బల్బు ఎందుకు, నక్షత్రానికి దాని వెలుగు దానికే ఉంటుంది కదా అని పిల్లవాడు అడిగితే అది చాలు, ఆ రోజుకి ఇంకేం అక్కర్లేదు. లైట్ల తీగ చిక్కు విప్పడానికి ఎంతసేపు పట్టింది, ఎవరు విసుక్కున్నారు, చివరికి ఎవరు విప్పారు. అమ్మ ఏ పాట పాడుకుంటూ పని చేసుకుంటోంది, ఏ చరణం దగ్గర ఆగిపోయింది. పాపకి పోయినేడాది గౌను పొట్టయిందా. చిన్నవాడు ఏ అలంకారం పగలగొట్టాడు, పగలగొట్టి ఎక్కడ దాచాడు. ఇవన్నీ ఫొటోలో పడవు. ఫొటోలో చెట్టు పడుతుంది.

అన్నీ క్రిస్మస్ విషయాలే కానక్కర్లేదు కూడా. డిసెంబరులో పరీక్షలుంటాయి, జలుబులుంటాయి, కరెంటు పోతుంది, ఆఫీసులో ఆలస్యమవుతుంది. వాటి మధ్యలోంచే పండుగ వస్తుంది. ఇంటికొచ్చేసరికి తొమ్మిదైంది, పిల్లలు నిద్రపోయారు, హాల్లో చెట్టు లైట్లు మాత్రం వెలుగుతున్నాయి అని రాసిన పేజీ నాకు చాలా ఇష్టం. తేదీల దగ్గర ఇబ్బంది పడేవాళ్లకి ఇంకో దారి ఉంది, ఆగమన కాలం లెక్కన చేసుకోవడం. క్రిస్మస్‌కి ముందు వచ్చే నాలుగు ఆదివారాలతో ఆ కాలం నడుస్తుంది, మొదటి ఆదివారం ఏడాదిని బట్టి నవంబరు 27కీ డిసెంబరు 3కీ మధ్య వస్తుంది. రోజుకో పేజీ నిజంగా కుదరదనిపిస్తే నాలుగు వారాలకి నాలుగు పెద్ద పేజీలు, క్రిస్మస్ రాత్రికి ఒకటి, పండుగ రోజుకి ఒకటి చేసినా అది పూర్తి ఆల్బమే. మీకు రోజువారీదే కావాలని ఉత్తరంలో స్పష్టంగా ఉంది కాబట్టి మీకు కవర్ల పద్ధతే చెప్తున్నాను.

పేర్లు, తేదీలు మాత్రం పూర్తిగా రాయండి. ఏడాది కూడా వేయండి, వారం కూడా వేస్తే ఇంకా మంచిది. మా అమ్మ దాచిన ఒక పాత ఫొటో వెనక "మేము, క్రిస్మస్ రోజు" అని ఉంది. పదకొండు మంది ఉన్నారు అందులో. మేము అంటే ఎవరు, ఏ క్రిస్మస్? అమ్మ ఉన్నప్పుడు అడగాలని తట్టలేదు, ఇప్పుడు అడుగుదామంటే ఆమె లేదు. అందులో నలుగురి పేర్లు మా ఇంట్లో ఎవరికీ తెలియవు. అత్త, మామయ్య అని రాసినా చాలదు, మీ మనవలకి ఏ మామయ్యో తెలియాలి కదా, పేరు రాసి ఎవరికి ఏమవుతారో పక్కన రాయండి.

చేతిరాత బాగుండదన్నారు. ఒక్క ప్రశ్న అడుగుతాను. మీ నాన్నగారు రాసిన కాగితం ఏదైనా, సామాన్ల చీటీ అయినా సరే, బైబిలు అంచున పెన్సిల్‌తో రాసుకున్న గుర్తయినా సరే, ఇవాళ దొరికితే అక్షరాలు వంకరగా ఉన్నాయని పక్కన పడేస్తారా? మీ రాత మీ పిల్లలకి రేపు అలాంటిదే. టైపు చేసి ప్రింట్ తీసి అతికించకండి, మీ చేత్తోనే రాయండి, కొట్టివేతలతో సహా. బొమ్మలు రావు అన్నదానికి మాత్రం జవాబే అక్కర్లేదు, ఈ పనికి బొమ్మలు అవసరం లేదు.

ఇక సామాన్ల సంగతి. అలంకరణ సామాను కొనడం మీద పెట్టే డబ్బు తగ్గించి మంచి కాగితం మీద పెట్టండి. పుస్తకం సైజు చిన్నదిగా పెట్టుకోండి, ఏ5 చాలు, అంటే 148 × 210 మిల్లీమీటర్లు, ఏ4లో సగం. మామూలు 4 × 6 అంగుళాల ఫొటో దాదాపు 10 × 15 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి నిలువు ఫొటో ఒకటి అతికిస్తే కింద రెండు వేళ్ల జాగా మిగులుతుంది, అందులో తేదీ, ఒక లైను పడతాయి, కార్డు ఎదుటి పేజీలోకి వెళ్తుంది. అంతే, రోజు అయిపోయింది. 12 × 12 అంగుళాల పెద్ద ఆల్బమ్ చూడ్డానికి బాగుంటుంది గానీ ఆ ఖాళీని రోజూ నింపాలంటే మళ్లీ స్టిక్కర్లు, రిబ్బన్లు, గంటన్నర పని. మీరు మొదట కొన్నది ఆ సైజే అయ్యుంటుందని నా అనుమానం.

కుట్టిన పుస్తకం కంటే రింగ్ ఫైలు మేలు. రింగులైతే పేజీ పాడైతే మార్చొచ్చు, తర్వాత దొరికిన ఫొటోకి మధ్యలో ఇంకో పేజీ పెట్టొచ్చు, పిల్లలు ఒకేసారి ఇద్దరూ చెరో పేజీ మీద పని చేసుకోవచ్చు. ఇంకో పెద్ద కారణం లావు. 250 జీఎస్ఎమ్ (అంటే చదరపు మీటరుకి 250 గ్రాముల బరువుండే) కార్డు కాగితం ఒక్కోటి సుమారు 0.3 మిల్లీమీటర్లు ఉంటుంది, రెండు వైపులా ఫొటోలు పడితే ఆ లావుకి రెట్టింపు దాటుతుంది, అలాంటివి 25, వాటి మీద కార్డులు, కవర్లు. కుట్టిన పుస్తకమైతే వెన్ను దగ్గర సన్నగా, ఇటు అంచు దగ్గర లావుగా అయిపోయి నోరు తెరుచుకుని కూర్చుంటుంది. రింగు లోపలి కొలత అంగుళంన్నర, వీలైతే రెండు అంగుళాలు చూసుకోండి. 80 జీఎస్ఎమ్ జిరాక్స్ కాగితం దీనికి పనికిరాదు, ఫొటో బరువుకి వంగిపోతుంది.

కాగితం కొనేటప్పుడు ఆసిడ్ ఫ్రీ, లిగ్నిన్ ఫ్రీ అని ఉందో లేదో చూడండి. లిగ్నిన్ అంటే చెట్టు కలపలో ఉండే పదార్థం, అది వెలుతురుకీ గాలికీ పసుపు తిరుగుతుంది. వార్తాపత్రికని ఎండలో వారం ఉంచితే ఏమవుతుందో మీరు చూసే ఉంటారు, కారణం అదే. కాగితంలో ఆమ్లం ఉంటే అది కాగితాన్ని పెళుసు చేసి పక్కనున్న ఫొటోకి కూడా అంటుతుంది. అందుకే పేపర్ కటింగులు పెట్టాలనుకుంటే నేరుగా అతికించకుండా మంచి కాగితం మీద కాపీ తీసి అది పెట్టండి. బిల్లులు, కొన్ని టికెట్లు వేడితో అచ్చయ్యే కాగితం మీద వస్తాయి, వాటి మీది అక్షరాలు కొన్నేళ్లకి పూర్తిగా వెలిసిపోతాయి, వాటినీ కాపీ తీసుకోవాల్సిందే. ఫొటోల పక్కన ఉండే కాగితం, జిగురు, కవర్లు ఫొటోకి హాని చేస్తాయో లేదో చూసే పరీక్ష ఒకటుంది, ఐఎస్ఓ 18916 అని దాని నంబరు, ఫొటోగ్రాఫిక్ యాక్టివిటీ టెస్ట్ అంటారు. పాకెట్టు మీద ఆ పరీక్ష పాసైనట్టు ఉంటే కళ్లు మూసుకుని కొనొచ్చు.

సెల్లో టేపు వాడకండి. ఇది బతిమాలి చెప్తున్నాను. కొన్నేళ్లకి టేపు ఎండి ఊడిపోతుంది, దాని జిగురు మాత్రం గోధుమరంగు మరకై కాగితంలోకి ఇంకిపోతుంది, ఇక ఏం చేసినా పోదు. జిగురు పూసిన పేజీల మీద పైన ప్లాస్టిక్ పొర ఉండే పాత రకం ఆల్బమ్‌లు గుర్తున్నాయా, మా అమ్మ పెళ్లి ఫొటోలు అందులోనే ఉండేవి. బయటికి తీద్దామని లాగితే రెండు ఫొటోలు చిరిగాయి, అది నా చేతులతోనే జరిగింది, ఇప్పటికీ బాధే. అందులోవి తీయాలంటే పళ్లు శుభ్రం చేసుకునే సన్నని దారాన్ని ఫొటో వెనక నుంచి రంపంలా మెల్లగా లాగాలి, అప్పటికీ రాకపోతే బలవంతం చేయకుండా పేజీతో సహా స్కాన్ చేసుకోవాలి. పాత ఫొటోలకి, ఒక్కటే ఉన్న ఫొటోలకి ఫొటో కార్నర్లు వాడండి, నాలుగు మూలలూ పట్టుకుంటాయి, ఫొటోకి జిగురు తగలదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు. కొత్త ప్రింట్లకి ఆసిడ్ ఫ్రీ డబుల్ సైడ్ టేప్ సరిపోతుంది. నీళ్ల జిగురు ఎక్కువ పూస్తే కాగితం అలలు తిరుగుతుంది. ఈ జిగురు ఇబ్బంది ఈనాటిదేం కాదు, రచయిత మార్క్ ట్వెయిన్ 1873లోనే ముందుగా జిగురు పూసిన పేజీలుండే స్క్రాప్‌బుక్‌కి పేటెంట్ తీసుకున్నాడు, తడి చేసి అతికించడమే. ప్లాస్టిక్ పాకెట్లు కొంటే పాలిప్రొపిలీన్‌వి తీసుకోండి. ఘాటు వాసన వచ్చే పీవీసీవి వద్దు, కాలం గడిచే కొద్దీ అవి ఫొటోకి అతుక్కుంటాయి. స్టేప్లర్ పిన్నులు తుప్పు పడతాయి, వాటినీ దగ్గరికి రానివ్వకండి.

పెన్ను పిగ్మెంట్ ఇంకుది కొనండి, నీళ్లు పడినా పాకదు, వెలిసిపోవడమూ తక్కువ. ఫొటో వెనక బాల్ పెన్నుతో నొక్కి రాస్తే ముందు వైపు గీతలు తేలతాయి. ఇప్పటి ఫొటో కాగితానికి ప్లాస్టిక్ పూత ఉంటుంది కాబట్టి పెన్సిలు కూడా సరిగ్గా పడదు, ఆ పిగ్మెంట్ పెన్నుతోనే తేలిగ్గా రాసి ఆరాక ఒకదాని మీద ఒకటి పెట్టండి. పిల్లల స్కెచ్ పెన్ బొమ్మలు త్వరగా రంగు పోతాయి, ముందే ఒక ఫొటో తీసి ఉంచుకోండి.

ఫొటోల విషయంలో రోజుకి ఒక్కటే అన్న నియమం పెట్టుకోండి. ఆదివారం ఆదివారం కూర్చుని ఆ వారానివి ఏడు ఎంచి ఫోన్లోనే ఒక ఫోల్డర్లో వేయండి, నెలాఖరుకి అన్నీ కలిపి ఒకేసారి ప్రింట్‌కి ఇవ్వండి. 4 × 6 అంగుళాలకి మంచి ప్రింట్ రావాలంటే 1200 × 1800 పిక్సెళ్లు ఉండాలి, మీ ఫోన్ ఫొటోలో అంతకంటే ఎక్కువే ఉంటాయి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో మామూలుగా సైజు తగ్గించి వస్తుంది, అక్క పంపిన ఫొటో బాగుంటే అసలుది డాక్యుమెంట్‌గా పంపమని అడగండి. రాత్రి లైట్లలో తీసినవి పచ్చగా, మసకగా ఉంటే నలుపు తెలుపులోకి మార్చి చూడండి, సగానికి సగం బాగుపడతాయి. అందరూ వరసగా నిలబడి నవ్వే ఫొటో నెల మొత్తానికి ఒక్కటి చాలు, మిగతావి చేతులు, వీపులు, నేల మీద చిందరవందరగా పడున్న కాగితాలు, కిటికీలోంచి చూస్తున్న అమ్మ, ఇలాంటివి తీయండి.

ఇంకో మాట, ఇది తల్లులందరికీ. మీ రెండు ఆల్బమ్‌లలో మీరు ఎన్ని ఫొటోల్లో ఉన్నారో లెక్కపెట్టండి. బహుశా ఒకటో రెండో. ఫోన్ ఎప్పుడూ మీ చేతిలోనే ఉంటుంది కాబట్టి మీరు ఎక్కడా పడరు. పాపకి తొమ్మిదేళ్లు కదా, 5, 10, 15, 20 తేదీల్లో ఫోన్ ఆమెది అని చెప్పండి, ఆ రోజుల్లో ఏం తీస్తే అదే పేజీలోకి వెళ్తుంది, వంకరగా ఉన్నా సరే. ఆ రోజుల కార్డు కూడా ఆమే రాయాలి, స్పెల్లింగులు దిద్దకండి. బాబు చేత ఒక పేజీలో చెయ్యి పెట్టించి చుట్టూ గీయండి, వచ్చే ఏడాది అదే తేదీన మళ్లీ గీయండి. ఇద్దరినీ ఒకే ప్రశ్న ఏటేటా అడిగి జవాబు రాస్తే చాలా బాగుంటుంది, ఈ క్రిస్మస్‌కి నీకు బాగా నచ్చింది ఏంటి అన్నంత మామూలు ప్రశ్నయినా పర్లేదు.

వచ్చిన కార్డులని మొత్తం జిగురు పూసి అతికించేయకండి, లోపలి రాత మూసుకుపోతుంది. మడత అంచున సన్నగా టేపు పెడితే కార్డు తలుపులా తెరుచుకుంటుంది. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే ఆయన వేయించిన, మొట్టమొదటి క్రిస్మస్ కార్డుగా చెప్పుకునే దాని మీద కూడా మూడు తరాల కుటుంబం ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఉన్న బొమ్మే ఉంటుంది. మీ ఇంట్లో ఇప్పుడు మూడు తరాలు ఉన్నాయి, అందరూ ఒక్క ఫ్రేములో పడే ఫొటో ఈ ఏడాది తప్పకుండా ఒకటి తీయించుకోండి.

నాన్నగారి సంగతి కావాలనే చివరికి ఉంచాను. చేయగలనా అని అడిగారు. రోజుకి నాలుగు లైన్లు రాయగలిగితే చేయగలరు, రాయలేని రోజు ఖాళీ కవరు మీకు తోడుంటుంది. ఆయన గురించి పెట్టాలా అంటే, తప్పకుండా పెట్టాలి. కానీ పూలదండ వేసిన ఫొటోతో ఒక పెద్ద పేజీ చేసి ఆయన్ని అక్కడ కూర్చోబెట్టేయొద్దు. ఆయన ఉంటే ఎక్కడెక్కడ కనపడేవారో అక్కడక్కడ రానివ్వండి. లైట్లు కట్టే రోజు ఆయన ఏం అనేవారు, చర్చికి బయల్దేరే ముందు ఎవరిని తొందర పెట్టేవారు, బహుమతి విప్పేటప్పుడు కాగితం చింపేవారా లేక మడత పెట్టి దాచేవారా. గుర్తొచ్చిన రోజు ఆ రోజు కార్డు మీదే ఒక్క లైను రాయండి.

అమ్మగారికి మాత్రం ముందే చెప్పండి. ఆల్బమ్ పూర్తి చేసి చేతిలో పెట్టి ఆశ్చర్యపరచాలని అనుకోవద్దు, ఈ విషయంలో ఆశ్చర్యాలు మంచివి కావు. ఇలా చేస్తున్నాను అమ్మా, నాన్న గురించి ఏదైనా గుర్తొస్తే చెప్తావా అని అడగండి. చెప్తే ఆమె మాటలు ఆమె అన్నట్టే రాయండి, ఒప్పుకుంటే ఫోన్లో ఆ గొంతు రికార్డు చేసి పెట్టుకోండి. వద్దంటే బలవంతం చేయకండి, రెండు వారాల తర్వాత ఆవిడే వచ్చి డబ్బా దగ్గర కూర్చోవచ్చు. మా అత్తయ్య పోయిన ఏడాది డిసెంబరు 18 కార్డు మీద నేను రాసింది ఒక్క వాక్యం, "ఇవాళ అత్తయ్య పేరు ఎవరూ ఎత్తలేదు, అందరం ఆవిడ కుర్చీ వైపు చూస్తూనే ఉన్నాం." ఆ రోజు అది రాయడమే తప్పేమో అనిపించింది. ఇప్పుడు ఆల్బమ్ తీస్తే మా ఆయన ఆ పేజీ దగ్గరే ఎక్కువసేపు ఆగుతారు.

ఈసారి నక్షత్రం ఎవరు పెట్టాలన్నది మీరు ఒక్కరే నిర్ణయించకండి, పిల్లలనీ అమ్మగారినీ కూర్చోబెట్టి అడగండి. ఎవరు ఏమన్నారో, చివరికి ఎవరి చెయ్యి పైకి వెళ్లిందో ఆ రాత్రే రాయండి.

ఇప్పుడు ఆ రెండు పాత ఆల్బమ్‌లు తెరవండి. ఒకటి 8 దాకా, ఒకటి 11 దాకా ఉన్నాయి. చెట్టు పెట్టింది ఆ తేదీల లోపే అయితే నాన్నగారు నక్షత్రం పెడుతున్న రోజు అందులో ఇప్పటికే ఉంది. ఆ పేజీలో రాత లేకపోతే అమ్మగారిని అడిగి ఇప్పుడు రాయండి, కింద ఇవాళ్టి తేదీ వేయండి. ఆ తర్వాత ఫోన్లో ఆ రెండు డిసెంబర్ల ఫొటోలు మొదటి నుంచీ ఒక్కొక్కటిగా చూడండి, ఆయన ముఖం ఉన్నవే కాకుండా మూలన ఆయన చెయ్యి, భుజం, చెప్పులు పడినవి కూడా. దొరికినవన్నీ ఈ ఏడాది ప్రింట్లతో పాటే తీయించండి. ఆ ఆల్బమ్‌లలో ఖాళీ పేజీలు ఇంకా ఉన్నాయి కదా, వాటి చోటు అక్కడే.